ఉన్నవాడికే ఊదుబత్తి!

2022 అక్టోబరులో కార్టూన్ నెట్‌వర్క్ కన్నుమూసిందంటూ ట్విట్టర్‌లో ప్రపంచమంతా గుండెలు బాదుకుంది. జరిగింది వేరు. దాని స్టూడియోను వార్నర్ బ్రదర్స్ యానిమేషన్‌లో కలిపేశారు. చానల్ నిక్షేపంగానే ఉంది. చివరికి తాము చనిపోలేదనీ, 30 ఏళ్లు నిండాయంతేననీ చానలే చెప్పుకోవాల్సి వచ్చింది!

ఢిల్లీ ద్వారక ఫ్లాట్లలో ఈఎంఐలు కట్టుకుంటున్న తెలుగు నాన్నలకూ ఇలాంటి కబురు వస్తే గుండె కలుక్కుమంటుంది. టామ్ అండ్ జెర్రీ చూస్తూ పెరిగిన బ్యాచ్ కదా. ఆ చానల్ చూసి ఎన్నేళ్లయిందో మాత్రం రిమోట్‌నే అడగాలి. పిల్లలా? వాళ్లు యూట్యూబ్‌లో ఉన్నారు.

మన హైదరాబాద్ సరుకుకీ ఇలా పుకారుకు సంజాయిషీ ఇచ్చుకునే యోగం పట్టింది. 2020 జూన్, లాక్‌డౌన్ రోజులు. గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వారి కార్టూన్ హీరో ఛోటా భీమ్ తన నేస్తం చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్లాడాడని పుకారు పుట్టింది. అంతే, చుట్కీకి న్యాయం చేయాలంటూ నెట్టింట ఉద్యమం! వాళ్లింకా పిల్లలు, పెళ్లి మాట అబద్ధం అని కంపెనీ ప్రకటన ఇచ్చుకుంది.

భీమ్ ఊరు ఢోలక్‌పూర్‌లో బాల్యవివాహాల నిషేధ చట్టం లేదనుకున్నారు కాబోలు.