పిల్లకాయలతో షికారు: పెద్దలకు మాత్రమే

బడికి సెలవులిచ్చేశారు. ఇంట్లో ఇద్దరు పిల్లకాయలు, ఒక సోఫా, దాని స్ప్రింగులు. వీళ్లని ఎక్కడికన్నా తీసుకుపోవాలి, ఏదన్నా చూపించాలి, నాలుగు పుస్తకాలు చదివించాలి. తిరుపతి వాళ్లకి చోటుకి కొరవ లేదు. అలిపిరిలో గరుత్మంతుడి బొమ్మ దగ్గర నిలబడితే కొండ, జూ, సైన్సు సెంటరు, కపిలతీర్థం అన్నీ చేరువలోనే. ఇన్ని ఉన్నా, పిల్లకాయలు పొరపాటున కూడా సంతోషపడిపోకుండా రోజంతా తిప్పుకుని రావడం ఎట్లాగో చెప్పే నాథుడు లేడు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు నడక దారి. కొండకి 3550 మెట్లు. ఈ అంకెని పాదాల మండపం దగ్గరే బిడ్డ చెవిన వేయండి. ఆరేళ్ల బిడ్డకి నూరు దాకా లెక్క వస్తుంది, మిగిలిన 3450 దానంతట అదే దిగులైపోతుంది. గాలిగోపురం దాకా ఎక్కుడు ఎటూ నిలువుగానే ఉంటుంది కాబట్టి మిగతా పని కొండ చూసుకుంటుంది. మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది ఆగుళ్లని. మొక్కుకున్న ఆడవాళ్లు మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైమెట్టుకి పోతుంటారు. వాళ్ల వెనకే మీ పాప కూలబడి, ఇంకా ఆరని పసుపులో వేలు ముంచి, తన మోకాలికి ఒక బొట్టు పెట్టుకుంటుంది. ఆయమ్మ నవ్వి కుంకుమ భరిణె పాప చేతికిస్తుంది. ప్రమాదం ఇక్కడే. ఇంక ఆ పిల్ల ఏడవదు, ఎత్తుకోమనదు, నీళ్లడగదు. నాలుక కొంచెం బయటపెట్టి, బొట్టు పక్కకి పోకుండా ఒక్కో మెట్టూ తీర్చిదిద్దుకుంటూ పోతుంది. దానంతట అది ఎక్కేస్తే మీరు ఎక్కించిన పుణ్యం ఏం గాను? భరిణె తిరిగి ఇప్పించి, చెయ్యి పట్టుకుని లాగండి.

చెయ్యి పట్టుకోమన్నది మాత్రం వేళాకోళానికి కాదు. 2023 ఆగస్టులో ఈ దారిలోనే ఒక ఆరేళ్ల పాపని చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే పన్నెండేళ్ల లోపు పిల్లల్ని మెట్ల దారిలోకి పంపకుండా టీటీడీ ఆంక్ష పెట్టింది. పొద్దున్నే బయల్దేరండి. బిడ్డని ముందుకి ఉరకనీయకండి.

ఇక పాఠంలోకి. జింకల పార్కు కంచె దగ్గర పిల్లకాయలు బల్లుల్లా అతుక్కుపోతారు. ‘ఇంతకంటే మంచివి పైన ఉండాయి’ అనండి. పైకి పోయాక ఏం చూపిస్తారని ఎవరూ అడగరు. దారిలో కథ చెప్పమంటే అన్నమయ్య కథ ఉండనే ఉంది, కాకపోతే కొంచెం కత్తిరింపు కావాలి. తాళ్లపాక నుంచి ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇంట్లో చెప్పకుండా యాత్రికుల వెంట వచ్చేశాడట. చెప్పులతోనే ఎక్కాడు. ఆకలికి తాళలేక మోకాళ్ల పర్వతం దగ్గర పడి నిద్రపోయాడు. అలమేలుమంగమ్మ వచ్చి లేపి, చెప్పులు విప్పించి, ప్రసాదం పెట్టింది. కడుపు నిండాక అమ్మవారి మీద శతకం చెప్పాడు. ఇందులో ఇల్లు విడిచి రావడం, నిద్ర, తిండి తీసేయండి. శతకం మాత్రం ఉంచండి. ‘నీకు ఎనిమిదేళ్లొచ్చినాయి, ఎక్కాలు కూడా రావు’ అని ముగించండి.

చంకబిడ్డల సంగతి వేరు. ఏడాది లోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులకి సుపథం దారిలో దర్శనం దొరుకుతుంది. కాబట్టి పదకొండో నెలలోనే తీసుకుపోండి. మొదటి పుట్టినరోజుతో బిడ్డ గిరాకీ పడిపోతుంది.

జూకి మే నెలలో మిట్టమధ్యాహ్నం పోవాలి. 1987లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర జూ వేల ఎకరాల్లో ఉంది. ఆ ఎండలో తెల్లపులి చెట్టు కింద పడుకుని తోక ఒకటే చూపిస్తుంది. మీవాడు దాన్నీ చూడడు, గోడ వెంబడి చచ్చిన మిడతని మోసుకుపోతున్న చీమల బారు వెంట పోతాడు. టికెట్టు కొన్నది పులికి కదా, మెడ పట్టుకుని అటు తిప్పండి. శేషాచలం అడవుల్లో పసుపు రంగులో మెరిసే బంగారు బల్లి ఉంటుందనీ, చీకటి పడ్డాక రాతి సందుల్లోంచి బయటికొస్తుందనీ వాడికి చెప్పకండి. టికెట్టు లేనివాటి మీద మోజు పెరిగితే కష్టం. కపిలతీర్థానికి కూడా ఇదే వేసవి మంచిది. కార్తీకంలో వానలు పడితే జలపాతం దూకుతుంది, పిల్లకాయలు తడుస్తారు, మళ్లీ వస్తామంటారు.

పుస్తకాల కాడికొస్తే, మీకు నచ్చినవి కొనండి. 1947లో పుట్టిన చందమామ పాత సంచికలు సంపాదించి, విక్రమార్కుడి భుజాన శవం వేలాడే శంకర్ బొమ్మ తెరవండి. ‘దానికి తల కిందికుంటే తిరగదా?’ అని బిడ్డ అడుగుతుంది. జవాబు చెప్పకుండా ‘ఆ రోజులే వేరు’ అని కళ్లు ఒత్తుకోండి. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ మాత్రం ఇంట్లో గట్టిగా చదవకండి. అందులో అమ్మ అచ్చం మీ అవ్వ మాట్లాడినట్టే మాట్లాడుతుంది. అవ్వ కూడా వంటింట్లోంచి వచ్చి కూర్చుంటుంది, ఇద్దరూ కలిసి ‘ఇంకో తూరి’ అంటారు. చదివిందే చదవమనే ఈ జబ్బుకి ఒకటే మందు: ఆ పుస్తకం బీరువా మీద పెట్టి కొత్తది కొనడం.

సినిమా చాలా తేలిక. మీ హీరో సినిమా ఏదో అదే పిల్లల సినిమా. 2024 నుంచి సెన్సారు వాళ్లు యూఏలోనే 7, 13, 16 అని వయసులు కూడా వేస్తున్నారు. వాటిని సీటు నంబర్లనుకుని లోపలికి పోండి. తల తెగిపడేటప్పుడు బిడ్డ కళ్లు మీ చేత్తో మూస్తే చాలు, చెవులకి సెన్సారు లేదు. పిల్లలే వేషాలు కట్టిన సినిమాల జోలికి పోకండి. 1936లో సి.పుల్లయ్య సతీ అనసూయ, ధ్రువ విజయం అని రెండు చిన్న సినిమాలు పిల్లకాయలతోనే తీశాడు. 1997లో గుణశేఖర్ ఏకంగా రామాయణమే పిల్లలతో తీస్తే జూనియర్ ఎన్టీఆర్ రాముడయ్యాడు. అట్లాంటివి చూస్తే మీవాడు తువ్వాలు తోకగా కట్టుకుని సోఫా మీంచి లంకకి దూకుతాడు. ఆ స్ప్రింగులు మీవే.

చివరిగా, కొండ దిగే బస్సు. 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లకాయలకి తల తిరుగుతుంది, లడ్డూ వెనక్కొస్తుంది, కవరు సిద్ధంగా ఉంచుకోండి. ఆ మలుపుల్లోనే జవాబులు వల్లె వేయించాలి. ఎందుకంటే ఇంటికి పోగానే ఎదురింటి పెద్దమ్మ ‘ఏం చూసినావు నాయనా?’ అని అడుగుతుంది. వదిలేస్తే వీడు ‘ఒక కోతి ఒకాయన చేతిలో కొబ్బరి చిప్ప పెరుక్కోని, ఆయన అద్దాలు కూడా పెట్టుకునింది పెద్దమ్మా’ అని గంటసేపు చెప్తాడు, చేతులు తిప్పి చేసి కూడా చూపిస్తాడు. మధ్యలో అందుకుని ‘స్వామిని చూసినాడు, బాగా దర్శనమైంది’ అని మీరే చెప్పేయండి. పెద్దమ్మ అప్పటికీ కోతి దగ్గరే ఆగిపోయి ‘ఏ కళ్లద్దాలు? ఎండకి పెట్టేవా, చూపుకి పెట్టేవా?’ అని వాణ్నే అడిగిందంటే, ప్రసాదం చేతిలో పెట్టి తలుపేసుకోండి.