గోడ మీద చెయ్యి పెట్టి చూడండి

మొన్న సంక్రాంతికి డిట్రాయిట్ దగ్గర మా అబ్బాయింటికి వెళ్లాం. బేస్‌మెంటు చూపించాడు. గోడంత టీవీ, వాలుకుర్చీలు, మెత్తటి తివాచీ. పది నిమిషాలు కూర్చునేసరికి నా పాదాలు కొయ్యబారాయి. "ఉండు నాన్నా" అని ఫోను తీసి ఏదో నొక్కాడు. కాసేపటికి పైన పిల్లలకు చెమటలు పట్టి దుప్పట్లు తన్నేశారు. కింద నా పాదాలు మాత్రం అలాగే ఉన్నాయి. "డెబ్బై రెండు చూపిస్తోంది నాన్నా!" అంటాడు. చూపించదూ మరి! థర్మోస్టాటు ఉన్నది పై హాల్లో. కింద నా కాళ్ల సంగతి దానికేం తెలుస్తుంది?

చలిని కూడా ఫోనులో చూసి తెలుసుకునే కాలం వచ్చిందర్రా మీకు. గోడ మీద చెయ్యి పెట్టి చూసేవాడు ఒక్కడు లేడు.

మేం అమెరికా వచ్చింది 1973లో. ఆ ఏడే చమురు కరువు మొదలైంది. 1977 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కార్టర్ స్వెట్టరు వేసుకుని టీవీలో కూర్చుని, ఇళ్లలో పగలు 65, రాత్రి 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించి పెట్టుకోవద్దని అడిగాడు. మేం అక్షరాలా పాటించాం. మా ఆవిడ చీర మీద స్వెట్టరు, దానిమీద శాలువా వేసుకుని వంట చేసేది. ఎవరికీ ఏమీ కాలేదు.

1981లో ఇల్లు కొన్నాక బేస్‌మెంటు నేనూ నలుగురు స్నేహితులూ కలిసి చేసుకున్నాం. రెండు చలికాలాల శని ఆదివారాలు దానికే పోయాయి. ఒకడు చెక్క పట్టుకుంటే ఇంకొకడు మేకు కొట్టేవాడు, పైనుంచి పులిహోర దిగేది. ఇప్పుడు మా వాడి జీతం అప్పటి నా జీతానికి పదింతలు, ఇంట్లో సుత్తి ఎక్కడుందో తెలీదు. ఆ బేస్‌మెంటులోనే సత్యనారాయణ వ్రతాలు, వీసీఆర్‌లో సినిమాలు, తెల్లవార్లూ పేకాట. మనిషి ఊరికే కూర్చున్నా దాదాపు వంద వాట్ల వేడి ఇస్తాడు. నలభై మంది చేరితే నాలుగు కిలోవాట్లు. ఇప్పుడు మీరు ప్లగ్గులో పెట్టుకునే చిన్న హీటర్లు రెండున్నరకు పైమాటే. అంత మంది ఇప్పుడు ఎవరింటికి వస్తున్నారు?

ఆదిలాబాద్ వైపు మా ఊళ్లో పుష్యమాసం చలి ఎముకలు కొరికేది. మా నానమ్మ ముందు తలుపు కింది సందులో పాత బొంత మడిచి కుక్కేది, ఆ తర్వాతే కుంపటి రాజేసేది. మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణం తీస్తుందని పడుకునే ముందు కుంపటి బయట పెట్టేసేది. ముందు సందు, తర్వాత నిప్పు. మా వాడు చేస్తున్నది చిల్లికుండలో నీళ్లు పోయడం. వేడిగాలి పైకెక్కి అటక సందుల్లోంచి బయటికి పోతుంది. పోయినంత చలిగాలిని ఇల్లు కిందనుంచి పీల్చుకుంటుంది. కాంక్రీటు గోడ మీద ఇంటి చెక్క ఆనే చోట, అదే రిమ్ జాయిస్టు అంటారే, అక్కడే సందులన్నీ. పైగా వేడిగాలి వచ్చే గొట్టాలు సీలింగులో పెట్టారు. వేడి నెత్తిమీదే ఉండిపోతే కాళ్లకెలా అందుతుంది?

అన్నీ మేమే సరిగ్గా చేశామని అనను. నేను ఫైబర్‌గ్లాసు దూదిని కాంక్రీటు గోడకు ఆనించి, పైన ప్లాస్టిక్ కప్పాను. ఏడేళ్లకు విప్పి చూస్తే తడి, బూజు, ముక్క వాసన. ఇప్పుడు రెండంగుళాల ఫోమ్ బోర్డు ముందు గోడకు అతికించి, సందులు మూసి, దాని ముందు చెక్క చట్రం నిలబెడుతున్నారు. మా పద్ధతికన్నా అది మంచిదే. కాకపోతే ఆ పని చేయడానికి ఎవడో ఒకడు కిందికి దిగాలి కదా.

"కాంట్రాక్టరును పిలుస్తాలే నాన్నా" అన్నాడు మా వాడు. నేను పూజగదిలోంచి అగరుబత్తి తెచ్చి వెలిగించాను. ఫర్నేసు గదిలో రిమ్ జాయిస్టు తెరిచే ఉంది. దాని పొడవునా నెమ్మదిగా పట్టుకుని నడిచాను. పొగ నిలువుగా లేస్తూ లేస్తూ ఒకచోట లోపలికి వాలింది. "ఇక్కడ తాతయ్యా, ఇక్కడ!" అని మనవరాలు అరిచింది. దాని చేతికి సుద్దముక్క ఇచ్చాను. పదకొండు చోట్ల గుర్తు పెట్టింది. భోజనాల వేళకు నాలుగు మూశాం, మా వాడు నిచ్చెన పట్టుకున్నాడు. మిగతా ఏడూ పై శనివారం.