రొయ్యకున్న యోగం

వాకాడు మండలంలో రొయ్య పిల్ల గుంటలో దిగకముందే దానికి పీసీఆర్ పరీక్ష అయిపోతుంది. తెల్లమచ్చ వైరస్ లేదని కాగితం చేతికొస్తేనే సీడు వదులుతారు. 1990ల మధ్యలో ఆ వైరస్ గుంటలకు గుంటలు ఊడ్చేసినప్పటి నుంచి పట్టుకున్న భయమది. సీడు వదిలాక కూడా నీళ్లలో ఉప్పెంత, అమ్మోనియా ఎంత అని ల్యాబులకు శాంపిళ్లు పోతూనే ఉంటాయి. గట్టు మీద కాపలా కాసే మనిషికి మాత్రం అంత యోగం లేదు.

ఆయనకూ డాక్టరు దొరికాడు, కాదనను. ఫోన్లో. సిగ్నల్ బాగుంటే మొహం, లేకపోతే గొంతు. "నీరసంగా ఉంది సార్" అంటే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? పొట్ట నొక్కలేడు, కంటి రెప్ప లాగి చూడలేడు. నొక్కనిదానికొకటి, చూడనిదానికొకటి టెస్టులు రాస్తాడు: లివరు, కిడ్నీ, థైరాయిడ్, మూడు నెలల షుగరు, విటమిన్ డి. పొద్దస్తమానం ఎండలో మాడేవాడికి విటమిన్ డి! 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, తెర మీద తేలకపోతే రోగిని నేరుగా చూపించుకోమనే వీలు డాక్టరుకు ఇచ్చాయి. రమ్మనడం కంటే రాయడం సులువు.

"ఇంటికే వచ్చి రక్తం తీస్తాం" అంటుంది యాప్. పిన్‌కోడ్ కొట్టగానే "మీ ప్రాంతంలో ఈ సేవ లేదు" అంటుంది. ఇక పరగడుపున గూడూరు బస్సే. 2022లో వాకాడును తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, రక్తమివ్వడానికి పాత దారే. రిపోర్టు చేతికొచ్చేసరికి తెర మీద ఇంకో డాక్టరు. ఆయనకు ఆ ల్యాబు మీద నమ్మకం లేదు.

సర్కారు వారి టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని 2019 నవంబరులో మొదట ఆంధ్రలోనే అమలైంది. అందులో రోగి పక్కన హెల్త్ క్లినిక్ సిబ్బంది కూర్చుంటారు, బీపీ, హిమోగ్లోబిన్ చూసి డాక్టరుకు చెబుతారు. నిబంధనల ప్రకారం ఊరి క్లినిక్‌లో 14 రకాల పరీక్షలు, పీహెచ్‌సీలో 63 ఉండాలి.

కాబట్టి అయ్యా, ముందు ఆ ఊరి క్లినిక్‌కే పోండి. టెస్టు రాసినాయన్ని "దీని ఫలితం ఎట్లా వచ్చినా మందు మారుతుందా సార్?" అని అడగండి. అధికారులకూ ఒక మనవి: ఆ 63లో మన పీహెచ్‌సీలో నిజంగా జరిగేవెన్నో గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.