ఒత్తులాయన

ప్రతి కాలనీలోనూ ఒక ఒత్తులాయన ఉంటాడు. మైకు కనపడితే చాలు, గొంతు సవరించుకుని "సభాధ్యక్షులకు" అని మొదలుపెడతాడు. అందులో ఉన్న రెండు ఒత్తులూ చాలక, దారిలో దొరికిన అక్షరానికల్లా ఇంకొకటి తగిలిస్తూ పోతాడు. డ్రైనేజీ పొంగితే "భీభత్సం". బాగుచేయించడం మున్సిపాలిటీ "భాధ్యత". వచ్చేవారం "ఖచ్చితం"గా అయిపోతుంది. బీభత్సంలో మొదటి బకూ, కచ్చితంలో కకూ ఒత్తు లేదనీ, బాధ్యతలో ఉన్నది ఒక్క ధకేననీ చెప్పే ధైర్యం ముందు వరుసలో ఎవరికీ లేదు. తుంపర్లు తుడుచుకోవడానికే వాళ్లకు తీరిక చాలదు.

అలాగని ఒత్తుల్నీ, ష లాంటి అక్షరాల్నీ అందరి మీదా దుబారా చెయ్యడు. బ్యాంకు మేనేజరు ముందు "విషయం ఏమిటంటే" అంటాడు. ష కోసం నాలుక మడతపడుతుంది. ఇస్త్రీ బండి దగ్గరికొచ్చేసరికి అది "విసయం". ఊళ్లో తల్లి ఫోను చేస్తే, "ఇసయం ఏందమా? కాలు నెప్పి తగ్గిందా? మందు ఏసుకుంటన్నావా?" నోరు ఒకటే, పూటా ఒకటే. ఇంట్లో అరుస్తున్నప్పుడు మాత్రం ఒత్తులుంటే భయం లేదు. "ఒత్తులు పోయినయ్యంటే నిజంగా కోపమొచ్చిందన్నమాట" అంటుంది ఆయన భార్య.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. 1962లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్కులో మూడు పెద్ద దుకాణాలకు వెళ్లి, ఫలానా సరుకు ఎక్కడుందని గుమాస్తాల్ని అడిగాడు. "ఫోర్త్ ఫ్లోర్" అని జవాబు రావాలి. ఆయనకు కావలసింది సరుకు కాదు, అందులోని ర్. ఖరీదైన సాక్స్‌లో ర్ బాగా వినపడింది, మేసీస్‌లో తగ్గింది, చవక సరుకుల ఎస్. క్లైన్‌లో మరీ తగ్గింది. వినపడనట్టు నటించి మళ్లీ అడిగితే పెరిగింది. అదే నగరంలో జనంచేత మాటల జాబితాలు చదివిస్తే, ఆ ర్‌ని ఎగువ మధ్యతరగతి కంటే దిగువ మధ్యతరగతే ఎక్కువ పలికింది.

మన ఒత్తులాయనదీ ఆ మెట్టే. తాతల నాటినుంచీ సంస్కృతం చదివిన ఇంటాయన పొరపాటున "బాద" అన్నా అలిసిపోయాడనుకుంటారు. ఈయనంటే చదువు రాదనుకుంటారు. ఒత్తక్షరాలు మనకు ఎక్కువగా సంస్కృతంతో వచ్చినవే. అమ్మ, ఇల్లు, నీళ్లు, ఉప్పు, చేను అంటూ పెరిగినవాడికి చిన్నప్పుడు వాటితో పనేం పడుతుంది? కాలేజీ హాస్టల్లో "బాస" అన్నందుకు ఎవడో పగలబడి నవ్వాడట. ఒకటి తక్కువైతే పరువు పోతుంది, నాలుగు ఎక్కువైతే ఎవడూ నవ్వడు అని ఆ రాత్రే లెక్క కట్టుకున్నాడు. నలభయ్యేళ్లుగా ఆ లెక్క తప్పలేదు.

మొన్న మనవరాలు బడినుంచి వచ్చి, "తాతయ్యా, బీభత్సంలో బకి ఒత్తు లేదంట. తెలుగు టీచర్ చెప్పింది" అంది.

ఒత్తులాయన పుస్తకం తెరవలేదు. కళ్లజోడు సర్దుకుని, "మీ టీచరుది ఏ ఊరమ్మా?" అన్నాడు.