పార్కు బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం: "ఇందుమూలముగా యావన్మంది సందర్శకులకు తెలియజేయునది ఏమనగా, పార్కు వేళలు ఉదయం 5 నుండి 9 వరకు, సాయంత్రం 4 నుండి 8 వరకు. గడ్డిపై నడవరాదు. చెట్లు ఎక్కరాదు, హాని చేయరాదు. ఆటలు ఆడరాదు. ముందస్తు అనుమతి లేనిదే గుంపులుగా కూర్చొనరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు. ఆజ్ఞానుసారము."

అవతారిక. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ఆయన ముందే మాట ఇచ్చి కలం పట్టాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు. చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికే తన సంజీవని అని కూడా ఆయన చెప్పుకున్నాడు. ఇక్కడ మూలం నిక్షేపంగా ఉంది. మూర్ఛపోయింది చదివినవాళ్లు. వాళ్ల కోసం రాసిన ఈ వ్యాఖ్యకు ‘ప్రహరీలంఘనం’ అని పేరు.

ప్రతి సంగతి. ఈ గ్రంథం తాటాకు మీద కాక రేకు మీద దొరుకుతోంది. మా కాలనీ పార్కు గేటు పక్క వేపచెట్టుకు కొట్టారు. ఆకుపచ్చ రంగు మీద పసుపు అక్షరాలు, నాలుగు మూలలా నాలుగు మేకులు. పై మేకు దిగినచోటి నుంచి వేపబంక కారి, సరిగ్గా ‘హాని చేయరాదు’ అన్నచోట గడ్డకట్టింది. లక్షణానికి లక్ష్యాన్ని ఇంత దగ్గరగా చూపిన గ్రంథకర్త మరొకడు లేడు.

పార్కు, గడ్డి, చెట్టు: స్పష్టం. (వ్యాఖ్యాత ‘స్పష్టం’ అని రాసి దాటేశాడంటే అక్కడేదో చిక్కుందని చదువుకున్నవాళ్లకు తెలుసు. నిజంగా ఇక్కడ చిక్కేమీ లేదు.)

గడ్డిపై నడవరాదు. ఎవరు? కర్త లేదు. లేని కర్తను అధ్యాహారం చేసుకోవాలి. ‘ఎవరూ’ అని వేసుకుంటే వాక్యం ప్రత్యక్షానికి విరుద్ధమవుతుంది. పోయిన ఆగస్టు 15న ఇదే గడ్డిలో షామియానా గుంజలు పాతారు. వంద కుర్చీలు వేశారు. జెండా ఎగరేసినవారు, ఎగరేయించినవారు, ఫొటో తీసినవారు, అందరూ బూట్లతోనే నిలబడ్డారు. ఈల ఊదడానికి ఉన్న వాచ్‌మన్ ఆరోజు మిఠాయి పొట్లాలు పంచుతున్నాడు. కనుక నిషేధాన్ని ‘నడవడం’తో కాక నడిచేవాడితో అన్వయించాలి. నకారం క్రియను వదిలి నామాన్ని పట్టుకుంటే దాన్ని పర్యుదాసం అంటారు. అలా చూస్తే అర్థం సరిపోతుంది: కండువా లేనివారు గడ్డిపై నడవరాదు. మర్నాడు బంతి కోసం రెండడుగులు వేసిన ఆరేళ్ల పిల్ల మీద ఈల మోగింది. శాస్త్రం నిలబడింది.

ఆ గడ్డి గురించీ ఒక మాట. మన గరిక నేల మీద పాకుతుంది, కణుపు కణుపుకీ వేరు దించుతుంది, ఎంత తొక్కినా మళ్లీ లేస్తుంది. వినాయకచవితి పత్రిలో దానికి చోటు దక్కింది కానీ పార్కులో దక్కలేదు. పార్కుకు నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చిన లాన్ కావాలి. దానికి ఎండాకాలంలో ట్యాంకరు కావాలి, కాపలా కావాలి, చివరికి బోర్డు కావాలి. తొక్కితే చచ్చే గడ్డిని పిల్లలు తిరిగేచోట పరిచి, నేరం పిల్లల మీద వేశారు.

చెట్లు ఎక్కరాదు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఇది కోతికొమ్మచ్చిని ఉద్దేశించిన వాక్యం. ఆ ఆటేమిటో ఈ కాలపు పాఠకులకు చెప్పక తప్పదు. నేల మీద గుండ్రంగా గిరి గీస్తారు. అందులో చిన్న కర్ర పెడతారు. ఒకడు కాలెత్తి, తొడ కిందనుంచి ఆ కర్రను ఎంత దూరం వీలైతే అంత దూరం విసురుతాడు. దొంగ పరుగెత్తి దాన్ని తెచ్చి గిరిలో పెట్టేలోపు మిగతావాళ్లు చెట్టెక్కేస్తారు. తర్వాత దొంగ చెట్టెక్కి ఎవరినో ఒకరిని తాకాలి. పైవాళ్లు కొమ్మ పట్టుకుని వేలాడి దూకి, వాడికంటే ముందు కర్రను తాకాలి. కర్రను కాయాలా, కొమ్మల్ని వెతకాలా అన్న ధర్మసంకటమే దొంగ బతుకు. ఇది మా వైపు సంప్రదాయం. మీ వైపు పాఠభేదాలు ఉండొచ్చు, ఉంటే అవే తప్పు. ముళ్లపూడి వెంకటరమణ తన ఆత్మకథకు ఈ ఆట పేరే పెట్టుకున్నాడంటే దీని గౌరవం ఎంతటిదో తెలుస్తుంది.

ఈ ఆటకు ఏ చెట్టు అర్హం? చింత ఉత్తమం. కొమ్మ సాగుతుంది కానీ తెగదు. పైన కూర్చున్నంతసేపూ చిగురు నమలొచ్చు, అది అవాంతరఫలం. జామ కూడా మంచిదే, వంగుతుంది, కాని చీమలు దొంగ పక్షం. నేరేడును నమ్మరాదు. చూడటానికి దిట్టంగా ఉంటుంది, పుటుక్కుమంటుంది. మునగ సంగతి చెప్పనక్కర్లేదు, పొగడ్తలకు లొంగేవాళ్లనే దాని మీదికి ఎక్కిస్తారు. మర్రి అయితే దిగడానికి ఊడలున్నాయి కనుక దొంగకు అన్యాయం జరుగుతుందని కొందరంటారు. ఏ కొమ్మ ఎంత బరువు మోస్తుందో, బెరడు ఎక్కడ జారుతుందో, ఎండుకొమ్మకూ పచ్చికొమ్మకూ చప్పుడులో తేడా ఏమిటో ఏ వాచకమూ చెప్పలేదు. మోకాలు దోక్కుపోయినప్పుడల్లా ఒక పాఠం అయింది. వృక్షశాస్త్రం కాలేజీలో మొదలవుతుందనుకునేవారికి ఈ పేరా అక్కర్లేదు.

బోర్డు సంగతి మరిచిపోయాం. నిషేధానికి ప్రసక్తి ఉండాలని మీమాంసకుల నియమం. జరిగే వీలున్నదాన్నే వద్దనాలి. ఆకాశంలో అగ్నిచయనం చేయవద్దని ఒక వేదవాక్యం ఉంది. ఆకాశంలో ఇటుకలు పేర్చేవాడెవడు? అందుకని అది నిషేధమే కాదని, బంగారం ఉంచి దాని మీద చయనం చేయమన్న విధికి పొగడ్త అని వాళ్లు తేల్చారు. మా పార్కులో ఉన్నవి నరమామిడి, రాయల్ పామ్, డబ్బాల్లా కత్తిరించిన ఫైకస్. నరమామిడికి పట్టు దొరికే కొమ్మ లేదు, పామ్‌కు కొమ్మే లేదు. ఎక్కదగిన ఒకే ఒక్క వేపకు బోర్డు కొట్టారు. కాబట్టి ‘చెట్లు ఎక్కరాదు’ అన్నది ఆకాశాగ్ని వంటి వాక్యం. దేనికి పొగడ్త అంటారా, టెండరుకు.

ఆటలు ఆడరాదు. ఇదీ ఆ కోవలోదే. నీళ్లు రాని ఫౌంటెను, విగ్రహం, ఓపెన్ జిమ్, వాకింగ్ ట్రాక్, నలుగురు కూర్చునే గోపురం పోగా మిగిలినచోట క్రికెట్ ఆడాలంటే బౌలరు రోడ్డు మీది నుంచి పరుగెత్తుకు రావాలి.

పూర్వపక్షం: ఆటలు బడిలో ఆడుకోవచ్చు కదా. సమాధానం: విద్యాహక్కు చట్టం 2009 అనుబంధంలో బడికి ఉండితీరవలసినవి చెప్పారు. టీచరుకొక గది, తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా మరుగుదొడ్లు, ప్రహరీ లేదా కంచె. వాటి మధ్యలో ఆటస్థలం. ఆ ఒక్క మాటే, ఎన్ని గజాలో అనుబంధం చెప్పదు. సూత్రంలో అరమాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత సంబరపడతారట వైయాకరణులు. ఇక్కడ ఏకంగా కొలతే తగ్గింది, సంబరం అపార్ట్‌మెంటు బడులది. సెల్లార్‌లో స్కూటర్లు తీసేస్తే మిగిలేదీ స్థలమే, అక్కడ ప్రార్థన చేయించినా డ్రిల్లు చేయించినా ఆటే. చట్టాన్ని అతిక్రమించకుండానే పిల్లల కాళ్లు కట్టేయొచ్చు. ఇది వెటకారానికి అందే విషయం కాదు. ఇక్కడ వ్యాఖ్యాతకు నిజంగానే కోపం వస్తోంది.

ఇప్పుడు వేళలు. మామూలు పాఠకులు అంకెల్ని దాటేస్తారు, గ్రంథమంతటికీ ప్రాణం అక్కడే ఉంది. ఉదయం 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8. అంటే 9 నుంచి 4 దాకా తాళం. బడి నడిచేది సరిగ్గా ఆ వేళలోనే. పార్కు తెరిచేసరికి పిల్లవాడు ట్యూషనుకు పోతాడు, బడిలో ఉన్నప్పుడు పార్కు మూసి ఉంటుంది. ఏ టీచరైనా ఆకుల పాఠం ఆకుల దగ్గర చెబుదామని వీధి దాటి నలభైమందిని తీసుకొస్తే గేటు పట్టుకు నిలబడాలి. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లోనే చదువును బడి బయటి జీవితంతో కలపాలని మొదటి సూత్రంగా పెట్టుకున్నారు. జాతీయ విద్యావిధానం 2020 ఇంకా ముందుకు పోయి, ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పదిరోజులు బస్తా లేకుండా గడపాలంది. ఢిల్లీ నుంచి బయలుదేరిన ఈ రెండు వాక్యాలూ ఇంత దూరం వచ్చి మా పార్కు తాళం దగ్గర ఆగాయి. విద్యాశాఖకు మున్సిపాలిటీ వేళలు తెలియవు, మున్సిపాలిటీకి బడి వేళలు పట్టవు.

గుంపులుగా కూర్చొనరాదు. నలభైమంది పిల్లలు, ఒక టీచరు, ఒక చెట్టునీడ: ఇది గుంపేనా? సంశయం అక్కర్లేదు, గుంపే. శాంతినికేతనంలో రవీంద్రుడు 1901లో చెట్ల కింద గుంపునే కూర్చోబెట్టాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం అందులో ఉంది. అంతకు ముప్పై ఏళ్లకు పైగా ముందే మద్రాసులో ఆండ్రూ బెల్ అనే పాదరీ మన పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన అనాథ బాలుర బడిలో పెట్టించాడు. ఆ పద్ధతి తర్వాత ఇంగ్లండుకు ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతోనే వెళ్లింది. ఆ ఇసుక, ఆ ఆరుబయట, ఆ గుంపు అప్పుడు ఎవరి ముందస్తు అనుమతీ అడగలేదు. మా పార్కులో జారుడుబండ కింద ఉండే ఇసుక కూడా పోయింది, ఇప్పుడు అక్కడ సిమెంటు.

ప్రక్షిప్తాలు. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు ప్రతిలో ‘పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదు’ అని ఒక అదనపు పాఠం కనబడింది. జనం తిట్టిపోశారు, తీసేశారు. గేటు దగ్గర లగ్నపత్రిక చూపమనే సంప్రదాయం అంతటితో అంతరించింది. ఈ గ్రంథాలు దిద్దుబాటుకు లొంగుతాయనడానికి ఈ ఒక్క ఆధారం ఉంది.

అతిక్రమించినవారు శిక్షార్హులు. ఏ చట్టం, ఏ సెక్షను, ఎంత జరిమానా? లేదు. ఆజ్ఞానుసారము. ఎవరి ఆజ్ఞ? పేరు లేదు, హోదా లేదు, తేదీ లేదు. వేదం అపౌరుషేయం అన్నారు, దాని తర్వాత ఇదే. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో పన్నెండో అంశంగా పార్కులు, తోటలు, ఆటస్థలాలు కల్పించడాన్ని పట్టణ సంస్థల పనుల్లో చేర్చారు. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే, బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో తేల్చింది. ఇవ్వవలసినవాడి విధులు రాజ్యాంగంలో ఉన్నాయి, వచ్చినవాడి నిషేధాలు మాత్రమే రేకు మీదికి ఎక్కాయి. నీళ్ల కుళాయి ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలి? బోర్డులో చోటు సరిపోలేదు కాబోలు.

బోర్డులు నిజంగా కావలసిన చోట్లు వేరు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. నీళ్లు వదులుతున్నామన్న మాట వాళ్లకు సమయానికి అందలేదు. అక్కడ ఒక సైరన్, ఒక బోర్డు, ఈల ఊదే ఒక మనిషి ఉండవలసింది. అటువంటి ఘోరం జరిగాక మనవాళ్లకు తోచేది విహారయాత్రలే మానుకోండని చెప్పడం. ప్రమాదం ఉన్నచోట హెచ్చరిక పెట్టడం ఖర్చు, ప్రమాదం లేనిచోట నిషేధం పెట్టడం పొదుపు.

తాత్పర్యం. ఉపక్రమంలో తాళం, ఉపసంహారంలో శిక్ష, మధ్యలో అయిదుసార్లు ‘రాదు’. గ్రంథ తాత్పర్యాన్ని నిర్ణయించే లింగాల్లో అభ్యాసం ఒకటి, అంటే పదేపదే చెప్పడం. దాన్ని బట్టి ఈ బోర్డు చెప్పదలచుకున్నది ‘రావద్దు’ అని.

కమిషనరు గారికి మనవి. పార్కు వేళలు మార్చడానికి చట్టసవరణ అక్కర్లేదు, మీ కార్యాలయం నుంచి ఒక్క ఉత్తర్వు చాలు. 9 నుంచి 4 దాకా టీచరుతో వచ్చే బడిపిల్లలకు గేటు తెరిపించండి. ఒక మూల లాన్ పీకించి గరిక వేయించండి, అక్కడ ఆడుకోనివ్వండి. వేపచెట్టుకున్న మేకులు ఊడదీయించండి. బోర్డు తప్పదనుకుంటే ఇనుప గుంజ పాతి పెట్టండి, కింద మీ సంతకం, ఫోను నంబరు వేయించండి.