ఏటికి ఎదురుగా ఒక్కరోజు: పెర్కిట్ నుంచి గోదావరికి తలకిందుల సలహాలు

నిజామాబాద్ జిల్లా పెర్కిట్ చౌరస్తాలో బండి మాట్లాడుకుని ఒక్కరోజులో గోదావరి తీరం చూసొద్దామంటే అందరూ చెప్పే వరుస ఒకటుంది. తెల్లారేసరికి బాసరలో దర్శనం, అక్కణ్నుంచి నిర్మల్ బొమ్మలు, తిరుగుదారిలో పోచంపాడు ప్రాజెక్టు గేట్ల ముందు ఫొటో, చీకటి పడ్డాక అంకాపూర్ దేశీ కోడి. బండి నడిపే అన్నే గైడు. ఈ వరుసలో పోయొచ్చినవాళ్లు నాలుగు ఊళ్లు చూస్తారు గాని నదిని చూడరు. అందుకే నా మొదటి సలహా, వరుస మొత్తం తిప్పేయండి. ఏటికి ఎదురు పోండి. పసుపు చేను దగ్గర మొదలుపెట్టి, పోచంపాడు, బాసర మీదుగా కందకుర్తి చేరండి. నిర్మల్‌ను ఈసారికి వదిలేయండి. బొమ్మలు మంచివే, వాటికి ఇంకో రోజు ఇవ్వొచ్చు.

పండగ రోజు వెళ్లకండి. వసంత పంచమికీ, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రానికీ బాసర అక్షరాభ్యాసాలతో కిక్కిరిసిపోతుంది. మీరు మార్చి మొదటి వారంలో మామూలు పనిదినం చూసుకోండి. ఎండలు ముదురుతుంటే, నది సన్నబడుతుంటే ఎవరైనా వెళ్తారా అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. వాళ్లకు ఓపిగ్గా చెప్పండి. నిండు గోదావరిలో నీళ్లు తప్ప ఏమీ కనబడవు. తగ్గినప్పుడే మెట్లూ బండలూ ఇసుక దిబ్బలూ బయటపడతాయి. పైగా మార్చి 1కి ఒక ప్రత్యేకత ఉంది, దాని సంగతి తర్వాత.

పొద్దున్నే తలస్నానం చేసి మడిగా బయల్దేరకండి. పాత బట్టలు వేసుకుని ముందు పసుపు కళ్లానికి పోండి. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్ వైపు ఏ ఊరికి పోయినా ఆ రోజుల్లో పసుపు ఉడుకుతూనో ఎండుతూనో ఉంటుంది. జూన్‌లో నాటిన పంట అది. ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి, తవ్వాక ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, డ్రమ్ముల్లో తిప్పి పైపొట్టు పోగొట్టాలి. కాడి వేరు, మండ వేరు; మార్కెట్లో దేని ధర దానిదే. ఒక కాడి చేతిలోకి తీసుకుని విరవండి. టక్కుమని విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. కళ్లంలో ఉన్న అక్కనో పెద్దాయననో అడిగితే, చేతిలో పని ఆపకుండానే, నిజామాబాద్ యార్డులో ధర ఎట్లుంది, సరుకును సాంగ్లి దాకా ఎందుకు తోలాల్సి వస్తోంది, అన్నీ చెప్తారు.

బండి అన్న తొందరపెడతాడు. తొందరపడకండి, రోజంతటిలో ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడే. 2019 ఏప్రిల్‌లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. అందులో అత్యధికులు పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర అడుగుతూ నామినేషన్ వేసిన రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. వాళ్లు అడిగిన పసుపు బోర్డు 2025 సంక్రాంతి నాడు, జనవరి 14న, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఈ ప్రాంత చరిత్ర అంటే కోటలూ శాసనాలే అనుకుని ఈ కళ్లాన్ని దాటిపోతే, ఆ 185 పేర్ల వెనక ఉన్న కష్టం మీకు ఎప్పటికీ తెలియదు.

పోచంపాడులో గేట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. 42 ఉన్నాయి, నేనే చెప్పేశాను. కాకతీయ కాలువ మొదలయ్యే చోట నిలబడండి. అక్కణ్నుంచి ఆ నీళ్లు కరీంనగర్, వరంగల్ వైపు 284 కిలోమీటర్లు పోతాయి. నెహ్రూ 1963 జులై 26న ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. జలాశయం కింద మునిగిన ఊళ్లేవో బండి అన్నను అడగండి. అతనికి తెలియకపోతే కట్ట మీద చేపలమ్మే వాళ్లను అడగండి. ఫొటోల కోసం వచ్చినవాళ్లు ఈ ప్రశ్న వేయరు కనుక, అడిగినవాళ్లకు జవాబు పొడుగ్గానే దొరుకుతుంది.

నీళ్లను మెచ్చుకోవడం అయ్యాక పూడికను కూడా చూడండి. 112 టీఎంసీలు పట్టాలని కట్టిన జలాశయం ఇప్పుడు 80.5 టీఎంసీలే పడుతోంది. నది తెచ్చిన మట్టి ఒక ఊరి బతుకును ఎంత మార్చగలదో వియత్నాంలోని హొయ్ ఆన్‌కు పోయినవాళ్లకు తెలుసు. ఒకప్పుడు జపాన్, చైనా వర్తకులు ఓడలు దింపిన రేవు అది. థూబోన్ నది ముఖద్వారం పూడిపోవడంతో వ్యాపారం దనాంగ్‌కు తరలిపోయింది. పాత ఇళ్లు పాతగానే మిగిలాయి, 1999లో యునెస్కో జాబితాకెక్కాయి. అక్కడికి పోయిన యాత్రికులు నదికి ఎగువ వైపున్న మీసన్‌లో చామ్ రాజుల శివాలయాలు చూసి వస్తారు. అక్కడ ఎగువకు పోవడం మామూలే. మన దగ్గర మాత్రం అందరూ బాసర దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతారు.

బాసరలో గైడు వ్యాసుడి కథ చెప్తాడు. వ్యాసుడు రోజూ గోదావరిలో స్నానం చేసి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి మూడు చోట్ల పోశాడనీ, అవే సరస్వతి, లక్ష్మి, కాళి అయ్యాయనీ చెప్తాడు. ఫోన్ తీసి తేదీలు వెతకకండి, ఎదురు చెప్పకండి. పూర్తిగా విని ఘాట్ దిగి ఇసుక మీద నిలబడండి. ఆ కథ ఈ రేవుదే, ఇంకెక్కడా పుట్టదు. గుడిలో సరస్వతమ్మకు పూసిన పసుపును చిటికెడు ప్రసాదంగా పెడతారు, తింటే చదువు అబ్బుతుందని నమ్మకం. పొద్దున కళ్లంలో కాడి విరిచి చూసిన చేత్తో ఆ చిటికెడు అందుకోవాలనే గుడిని మధ్యాహ్నానికి పెట్టమన్నాను.

కథ అయ్యాక గైడును బాబ్లీ గురించి అడగండి. గుడి దగ్గర అడగాల్సిన ప్రశ్న కాదని అతను అనుకోవచ్చు, అయినా అడగండి. ఎగువన మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పిచ్చింది. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీల నీళ్లు కిందికి వదలాలి. నేను మార్చి మొదటి వారం అన్నది ఇందుకే. ఆ రోజుల్లో బాసర ఘాట్ మెట్ల దగ్గర కాస్త నీరు కదిలితే ఆ తీర్పు వల్లే.

తిండికి హోటల్ వెతక్కండి. జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు మూటగట్టుకుని కందకుర్తికి పోండి. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే చోటు అది. అవతల ఒడ్డు ధర్మాబాద్ వైపు, మహారాష్ట్ర. వానకాలంలో అక్కడి పాత రాతి శివాలయం నీళ్లలో మునిగి ఉంటుంది. నీళ్లు తగ్గాకే కాళ్లు తడుపుకుంటూ పోగలరు. గుడి బయటపడి లేకపోతే దిగులుపడకండి, ఒడ్డునే తినండి. అటువైపు జనం మరాఠీలో, ఇటువైపు జనం తెలుగులో ఒకే నదికి మొక్కుతుంటారు. ఆరెస్సెస్ స్థాపించిన హెడ్గేవార్ పూర్వీకులు ఈ ఊరి నుంచే నాగపూర్ వైపు వలసపోయారు. ఇవాళ ఈ జిల్లా పిల్లలు దుబాయికీ మస్కట్‌కూ పోతున్నారు. వలసల గురించి మాట్లాడుకోవడానికి మ్యూజియం కంటే ఈ గట్టు నయం.

బండిని కిలోమీటర్ల లెక్కన కాకుండా రోజు లెక్కన మాట్లాడుకోండి. లేకపోతే ఆగిన ప్రతి నిమిషం అతనికి నష్టమవుతుంది, మీరు ఆగలేరు. అంకాపూర్ కోడి మానేయమని నేను అనను. గుళ్లన్నీ అయ్యాక, తిరుగుదారిలో, బోధన్ దాటగానే ఫోన్ చేసి చెప్పిపెట్టుకోండి.

చివరిగా, బడి ఉన్న రోజే పిల్లల్ని తీసుకెళ్లండి. పరీక్షల ముందని భయపడకండి. ఒంట్లో బాగోలేదని మాత్రం రాయకండి. సెలవు చీటీలో ‘గోదావరి చూపించడానికి తీసుకెళ్తున్నాం’ అని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టండి. టీచరు ఒప్పుకోకపోతే టీచర్ను కూడా బండెక్కమనండి.