గంజి పెట్టిన నీతి

ఖరీదైన బట్ట కొన్న ప్రతి మగాడూ ఇంటికొచ్చి ఒక లెక్క చెప్తాడు. నేనూ చెప్పాను. "మూడొందల చొక్కా ఆర్నెల్లకే పోతుంది. మూడువేల చొక్కా పదేళ్లొస్తుంది. ఇప్పుడు చెప్పు, ఏది చవక?"

మా ఆవిడ వంకాయలు తరుగుతూ, తలెత్తకుండానే అడిగింది. "మీ పొట్ట పదేళ్లూ ఇలాగే ఉంటుందా?"

ఆ ప్రశ్నకి అర్థశాస్త్రంలో జవాబు లేదు. అందుకని శాస్త్రం మార్చి చరిత్రలోకి దిగాను.

కొన్నది పొందూరు ఖద్దరు. ఆవిడ చొక్కాని కిటికీ వెలుతురుకి పట్టి చూసి, "అవతల కొబ్బరిచెట్టు కూడా కనిపిస్తోంది. ఇంత పల్చటి దానికి ఇంత డబ్బా?" అంది. పల్చగా ఉన్నందుకే అంత డబ్బు అని ఉపన్యాసం ఎత్తుకున్నాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నటి పళ్లకి నలుసులు ఊడి వచ్చి, పీచు వరసలో పడుతుంది. ఆ తర్వాత గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి, రాట్నం ముందు కూర్చుని వడకాలి. వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. నూరో నంబరు నూలు దాకా తీస్తారు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, శ్రమ లావవుతుంది. ఆ నూలు మగ్గమెక్కి, పడుగులో పేక పడితే గానీ బట్ట అవదు. మిల్లులో యంత్రం తిరిగే ప్రతిచోటా ఇక్కడ ఒక మనిషి కూలి ఉంటుంది.

"ఆ కూలి వాళ్లకి సరిగ్గా అందుతుందా?" అంది.

"అందాలి" అన్నాను. "అందుతుంది" అనడానికి ధైర్యం చాల్లేదు.

ఇంతకీ ఆ చొక్కా కొన్నది వడికే ఆడవాళ్ల మీద దయతోనే అనుకునేరు. పెళ్లిళ్లలో పెద్దమనుషులు కాలరు పట్టుకు నలిపి చూసి "పొందూరేనా?" అని అడగాలని నా ఆశ. పైగా నా ఆదర్శానికి ఒక ముహూర్తం ఉంది. అది అక్టోబరు 2న, ఖాదీ రిబేటుతో పాటే మేలుకుంటుంది. శ్రమకి తగ్గ కూలి దక్కాలి, నాకు తగ్గింపూ దక్కాలి. రెండూ ఒకే నోటితో అడగ్గల సమర్థుణ్ణి.

అసలు తంటా మొదటి ఉతుకుతో వచ్చింది. ఈ చొక్కాని వాషింగ్ మెషీన్‌లో పడేయకూడదు, చేత్తో ఉతకాలి, నీడన ఆరేయాలి, గంజి పెట్టాలి, తడి చల్లి ఇస్త్రీ చేయాలి అని ఆవిడకి వరసగా చెప్పాను. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "వడికినావిడకీ నేసినాయనకీ కూలి గురించి చెప్పారు. బావుంది. మరి గంజి పెట్టినావిడకి ఎంతిస్తారు?" అంది.

నీతి ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగుతుందని అప్పటిదాకా నాకు తెలీదు.

సరే, నేనే పెడతానన్నాను. కుక్కర్లో వండే ఇంట్లో గంజి ఎక్కడిది? చొక్కా కోసం విడిగా గుప్పెడు బియ్యం గిన్నెలో పడేశాను. "ఇవాళ చొక్కా కూడా భోంచేస్తోందా?" అని వంటింట్లోంచి విసురు. వార్చిన గంజిని వడకట్టాలన్న సంగతి తట్టలేదు, నీళ్లు కలిపి పల్చన చేయాలన్నదీ తట్టలేదు. ఎండాక దండెం మీంచి తీస్తే చొక్కా నా సాయం లేకుండానే నిలబడింది. జేబు నోరు తెరుచుకోలేదు. గోటితో విడదీస్తే లోపల రెండు మెతుకులు. ఇస్త్రీపెట్టె ఆనించగానే ఇల్లంతా అప్పడాల వాసన.

ఇక నా మన్నిక సిద్ధాంతాన్ని చావుదెబ్బ కొట్టింది ఓ పాలియెస్టర్ టీషర్టు. ఎప్పుడో పరుగు పందెంలో ఊరికే పంచితే, పరుగెత్తకుండానే తెచ్చుకున్నది. దానికి గంజి లేదు, ఇస్త్రీ లేదు, చిరుగు లేదు, రంగు పోయేది లేదు. పదేళ్లొస్తుందని నేను ఖద్దరు చొక్కా గురించి కొట్టిన డప్పు దానికే చెల్లింది. నా భాగహారం ప్రకారమైతే ఇంట్లోకెల్లా ఉత్తమమైన వస్త్రం అదే!

చివరికి ఆవిడ విసిగిపోయి దాన్ని మసిగుడ్డ చేద్దామని కత్తిరించింది. గట్టు మీద పాలు ఒలికితే ఆ ముక్క పాలని అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ తోసింది గానీ పీల్చలేదు. మా నాన్న పాత నేత పంచె అలా కాదు. ముందు మా అమ్మాయికి పొత్తిగుడ్డలైంది, ఆనక మసిగుడ్డయింది. పైగా పంచెకి సైజు లేదు. పొట్ట పెరిగితే కుచ్చిళ్లు తగ్గుతాయి, అంతే. మా ఆవిడ మొదటి ప్రశ్నకి జవాబు పంచెలో ఉందన్నమాట, దర్జీ దగ్గర కాదు.

బెంగళూరు నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే ఈ గోలంతా చెప్పుకున్నాను. నవ్వి, "మన్నికకీ నీతికీ ముడెందుకు పెడతావు నాన్నా? రాణా ప్లాజాలో కుట్టిన బట్టలు చిరిగిపోయాయని ఎవరైనా అన్నారా?" అంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో ఆ భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. అదే భవనంలోని బ్యాంకువాళ్లని పంపేశారు. బట్టలు కుట్టేవాళ్లని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. అక్కడి సరుకు చవకగా దొరకడానికి కారణం నాసిరకం గుడ్డ కాదు, మనిషి ప్రాణానికి కట్టిన రేటు.

అందుకని నా పాత లెక్క కొట్టేశాను. ఎక్కువ ధర పెట్టి కొంటే కలిసొస్తుందని ఎవరికీ చెప్పను. ఒక్కోసారి కలిసిరాదు కూడా. ఆ ఎక్కువ డబ్బు చేసిన చేతికి కూలి అనుకుని, ఆ చేతికి చేరేచోటే కొనండి. స్తోమత లేకపోతే ఉన్న చొక్కాకి ఊడిన గుండీ కుట్టించుకుని తొడుక్కోండి. అదీ నీతే, పైగా రిబేటు కోసం ఆగక్కర్లేదు. కొన్నదాన్ని మాత్రం పెళ్లిళ్ల కోసం బీరువాలో దాచకండి. కూరగాయల బజారుకీ వేసుకెళ్లండి.

గంజి మీరే పెట్టుకోండి. వడకట్టడం మరవకండి.